కుదురు లేని మనిషిని నవలలోకి తేవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో కొందరం అప్పుడప్పుడూ కూర్చుని ఒకరి రాతప్రతులు ఒకరం చదువుకుంటాం. ఎవరు నవల తెచ్చినా అందులో కుదురు లేని మనిషి ఒకరుంటారు. తాగుబోతో, అప్పులపాలైనవాడో, ఎవరితోనూ మాట్లాడని పిల్లో. సందేహాలూ అవే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ప్రతిసారీ మొదటినుంచి చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. జవాబులన్నిటి వెనకా ఉన్న అభిప్రాయం ఒక్కటే, ముందే చెప్పేస్తాను: కష్టం ఎవరికైనా వస్తుంది, అది బయటపడకుండా ఒక మనిషి చేసుకునే ఏర్పాట్లే నవలకు పనికొస్తాయి.

## రాయడం మొదలుపెట్టకముందు

పాత్రకు ఎంత పెద్ద కష్టం ఉండాలి? నేను అనుకున్నది మరీ చిన్నదిగా ఉంది.

కష్టం సైజు చూడకండి. దాన్ని దాచడానికి ఆ మనిషికి రోజూ ఎంత ఖర్చవుతోందో చూడండి. జగిత్యాల దగ్గరి పల్లెకు దుబాయ్ నుంచి ఒకతను తిరిగొచ్చాడనుకుందాం. ఉద్యోగం పోయింది. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు వడ్డీతో సహా అలాగే ఉంది. ఊళ్ళో మాత్రం 'రెండు నెలలు సెలవు మీద వచ్చిన' అంటాడు. గల్ఫ్ నుంచి వచ్చాడంటే సెంటు సీసా కోసమో టైగర్ బామ్ కోసమో చుట్టాలు ఇంటికొస్తారు కదా. అందుకని కరీంనగర్‌లో కొని, దుబాయ్ నుంచి తెచ్చినట్టు పంచుతాడు. దానికి ఇంకోచోట చేబదులు. రెండు నెలలు దాటాక 'ఎప్పుడు పోతున్నవ్‌రా' అని అడిగేవాళ్ళు పెరుగుతారు. ఉద్యోగం పోవడం చాలామందికి జరిగేదే. కరీంనగర్‌లో సెంటు కొన్నవాడు మాత్రం మీ పాత్ర ఒక్కడే. మొదటి అధ్యాయం ఆ దుకాణంలో మొదలుపెట్టండి.

చిన్నప్పుడు ఏదో జరిగిందని చూపిస్తే సరిపోదా?

సరిపోదు. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరు అన్నదమ్ములను ఊహించుకోండి. తండ్రి వరంగల్ ఆజంజాహి మిల్లు కార్మికుడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన ఆ మిల్లు మూతపడ్డాక ఆయన పొద్దంతా అరుగు మీదే కూర్చున్నాడు. పెద్దకొడుకు ఏ పనిలోనూ నిలవడు. ఏదైనా మూతపడేదేనని తనే ముందు మానేస్తాడు. చిన్నవాడు జ్వరమొచ్చినా సెలవు పెట్టడు. ఇద్దరికీ కారణం ఒకటే, మనుషులు మాత్రం వేరు. అందుకని జరిగిన సంఘటనతో ఆగకుండా, దాన్నుంచి మీ పాత్ర ఏం నేర్చుకుందో ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి. 'ఎట్లైనా వదిలేస్తరు, ముందు నేనే పోతే అయిపాయె' అన్నట్టుగా. ఆ వాక్యం నవలలో ఎక్కడా అచ్చు కాకూడదు. పాత్ర తీసుకునే పెద్ద నిర్ణయాలన్నీ మాత్రం దాన్నుంచే రావాలి.

మా ఊళ్ళో అచ్చం ఇలాంటాయనే ఉన్నాడు. ఆయన్నే పెట్టేయొచ్చా?

లోపలిది తీసుకోండి, బయటిది మార్చండి. పేరు మార్చితే చాలదు. ఊరు, వృత్తి, పిల్లల సంఖ్య, వీలైతే వయసు కూడా మార్చండి. పరకాల కిరాణాకొట్టు ఆయనను కాజీపేట రైల్వే ఉద్యోగిగా మార్చి చూడండి. డ్యూటీ చార్టు, క్వార్టరు, యూనియను గొడవలు అన్నీ కొత్తగా ఊహించాల్సి వస్తుంది. ఆ ఊహించే పనిలోనే అసలాయన పక్కకు తప్పుకుని మీ పాత్ర తయారవుతుంది.

డిప్రెషన్ అనో స్కిజోఫ్రీనియా అనో జబ్బు పేరు చెప్పాలా?

కథ ఏ కాలంలో, ఎవరి నోట నడుస్తోందన్న దాన్నిబట్టి ఉంటుంది. 1985 నాటి ములుగు పల్లెలో డిప్రెషన్ అన్నమాట ఎవరి నోటా రాదు. 'గాలి సోకింది' అంటారు, 'ఎవలో చేసిన్రు' అంటారు. ముందు భూతవైద్యుడు, తర్వాత దర్గాలో తాయెత్తు, చివరికి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఓపీ. ఆ తిరగడమే ఒక అధ్యాయం అవుతుంది.

పేరు చెప్పదలుచుకుంటే మాత్రం వివరాలు సరిగ్గా ఉండాలి. స్కిజోఫ్రీనియా అంటే ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులుండటం కాదు. సినిమాల పుణ్యమా అని ఇది మాకొచ్చే రాతప్రతుల్లో తరచూ కనిపిస్తుంది. ఎవరూ లేనిచోట మాటలు వినపడటం, ఎవరో తనమీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మడం దాని లక్షణాలు. ఎక్కువమందిలో టీనేజీ చివర్లోనో ఇరవైలలోనో బయటపడుతుంది. డిప్రెషన్‌కు ఇచ్చే మాత్రలు మర్నాడే పనిచేయవు, గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఘోరం చూసిన మనిషికి పీటీఎస్‌డీ అని డాక్టర్లు అనాలంటే లక్షణాలు నెలకు మించి ఉండాలి. ఈ గడువులు కథకు అడ్డం కావు. వారం తిరక్కముందే 'ఈ గోలీలతోని ఏం ఫాయిదా లేదు' అని తల్లి మందులు ఆపించేస్తుంది చూడండి, అలాంటి సీను ఈ గడువు తెలిస్తేనే పుడుతుంది.

## పాత్రను కట్టేటప్పుడు

మా హీరో తాగుబోతు. ప్రతి సీనూ ఒకేలా వస్తోంది: తాగొస్తాడు, అరుస్తాడు, పడిపోతాడు.

తాగిన గంటలు వదిలేసి తాగని గంటలు రాయండి. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఆరు నుంచి పన్నెండు గంటల్లో చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి, నిద్ర పట్టదు. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండోరోజు నుంచి నాలుగోరోజు మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు. అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. 'బిడ్డ మీద ఒట్టేసి ఆ రోజే మానేశాడు' అని ఒక్క ముక్కలో రాసేస్తే ఇదంతా చేజారిపోతుంది. తొమ్మిదింటికి బ్యాంకులో సంతకం పెట్టాల్సినవాడు చెయ్యి నిలవడానికి ఎనిమిదింటికి ఏం చేస్తాడు? ఆ గంట రాయండి.

తర్వాత, ఏం తాగుతాడో తేల్చుకోండి. తాటిచెట్టు కింద కల్లు, గుడుంబా, బెల్టుషాపులో క్వార్టరు: ఒక్కోదానికి ఒక్కో జాగా, ఒక్కో స్నేహం, ఒక్కో సిగ్గు. ఉత్తర తెలంగాణలో ఇంకో సంగతి ఉంది, నవలల్లో అంతగా రాలేదనుకుంటాను. అదే కల్తీకల్లు. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడ్డ ఊళ్ళున్నాయి. 2015లో దాడులు పెరిగి ఆ కల్లు దొరక్కుండా పోయినప్పుడు నిజామాబాద్ వైపు జనం ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆస్పత్రుల్లో చేరారు. నాట్లేసి వచ్చి సాయంత్రం ఒక సీసా కల్లు తాగే ముసలమ్మ తనను తాగుబోతు అనుకోదు. ఆమెకు ఫిట్స్ వచ్చాయి. దెయ్యం పట్టిందని కోడలు అంటుంది, కల్లు దొరక్క అని ఆరెంపీ అంటాడు, నాకేం అలవాటు లేదని ముసలమ్మ అంటుంది. క్వార్టరు సీసా హీరో కంటే ఈమె నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఇంట్లోవాళ్ళనూ ఏడుపుకే పరిమితం చేయకండి. భార్య బండి తాళంచెవి బియ్యం డబ్బాలో దాస్తుంది. అక్కడుందని అతనికి తెలుసు. తెలుసని ఆమెకూ తెలుసు. అయినా అతను అడిగే తీసుకుంటాడు.

నా పాత్ర ఊరికే బాధపడుతూ కూర్చుంటోంది. కథ కదలట్లేదు.

దానికి ఏదో ఒకటి కావాలి. సుఖం, శాంతి లాంటివి పనికిరావు, చేతికందే వస్తువో కాగితమో అయితే మంచిది. భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో సింగరేణి కార్మికుడి కొడుకును తీసుకోండి. డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు. మెడికల్ బోర్డు తండ్రిని అన్‌ఫిట్ చేస్తే కారుణ్య నియామకం కింద కొడుకుకు ఉద్యోగం వస్తుంది. వయసు పరిమితి దగ్గరపడుతోంది. అంటే నాన్న ఆరోగ్యం చెడితేనే కొడుకు బతుకు బాగుపడుతుంది. నాన్న దగ్గినప్పుడల్లా కొడుకు మనసులో ఏం మెదులుతుంది? ఈ మాట అతను ఎవరితో అనగలడు? నాన్నకు కూడా ఆ సంగతి తెలిసి, బోర్డు ముందు ఉన్నదానికంటే ఎక్కువ దగ్గితే? ఇక్కడ ఎవరూ బాధపడుతూ కూర్చోరు. బస్సెక్కుతారు, రిపోర్టులు తీయిస్తారు, దళారితో బేరమాడతారు.

చెడ్డపనులు చేసే పాత్ర మీద పాఠకుడికి జాలి ఎలా కలిగించాలి?

జాలి అక్కర్లేదు, ఆసక్తి చాలు. అందుకు దగ్గరిదారి ఏమిటంటే ఆ మనిషిని ఒక పనిలో నిపుణుణ్ని చేయడం. ఏనుమాముల మార్కెట్లో ఒక గుమస్తా ఉన్నాడనుకోండి. మిర్చి బస్తాలో చెయ్యిపెట్టి తేమ ఎంతుందో చెప్పేస్తాడు. తేజ రకమేదో, కారం తక్కువుండి ఎర్రగా మెరిసే చపాట ఏదో దూరం నుంచే పోలుస్తాడు. తాలుకాయ ఎంత కలిసిందో అతను అన్నాడంటే అంతే. పొద్దున జెండాపాట, అంటే ఆరోజు ధర తేల్చే వేలంపాట, పలికినప్పుడు ఏ రైతు మొహం ఎలా మారుతుందో కూడా అతనికి తెలుసు. ఆ నేర్పుతోనే తరుగు పేరిట, అంటే తూకంలో కోతపెట్టి, రైతులను ముంచుతాడు. పాఠకుడు ముందు అతని చేతిని మెచ్చుకుంటాడు, ఆ చెయ్యి ఏం చేస్తోందో తర్వాత తెలుస్తుంది. ఈ వరుస తిరగేసి, మోసం ముందు చూపించి నేర్పు తర్వాత చూపిస్తే అంత పట్టు రాదు. అతనికి జబ్బుపడ్డ తల్లిని పెట్టి పాపం అనిపించే పని మాత్రం చేయకండి. అది లంచం.

నా కథానాయిక ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటోంది. ఏం చేయను?

కన్నీళ్ళు తీసేసి కోపం పెట్టండి. ఆ కోపం పనిలో కనపడాలి. కామారెడ్డి, సిరిసిల్ల, జగిత్యాల వైపు బీడీలు చేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. కూలి వెయ్యి బీడీల లెక్కన. మాట్లాడుతూనే, పిల్లను కసురుతూనే వేళ్ళు చుడుతూ ఉంటాయి. మొగుడు ఇంకోపెళ్ళి చేసుకున్నాడన్న కబురు విన్నరోజు ఆమె చేతి వేగం పెరుగుతుందా, తగ్గుతుందా? కార్ఖానాలో ఆరోజు ఆమె బీడీలు ఎన్ని ఏరి పక్కన పడేశారు? లేక ఒక్కటీ తీసేయలేకపోయారా? నేనైతే ఆరోజు చుట్టిన బీడీలు అన్నిరోజులకంటే బాగొచ్చాయని రాస్తాను.

అడవి నుంచి బయటికొచ్చిన మాజీ దళసభ్యుడు నా పాత్ర. రాజకీయం ఎంత పెట్టాలి?

ముందు తేదీలు సరిచూసుకోండి. నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ ఏర్పడింది 1980లో, నిషేధం 1992లో, ప్రభుత్వంతో చర్చలు 2004లో. మీ పాత్ర ఏ ఏట పోయాడు, ఏ ఏట వచ్చాడు, అప్పటికి ఎన్నేళ్ళు? చాలా రాతప్రతుల్లో ఈ లెక్క కుదరదు. ఇక అతని ఇబ్బంది తుపాకీ కలల్లోనే ఉండాలని లేదు. ఇరవై ఏళ్ళు ఏ నిర్ణయమైనా నలుగురూ కూర్చుని చర్చించి తీసుకున్నవాడు ఇప్పుడు భార్యకు చీర కొనడానికి దుకాణంలో ఒంటరిగా నిలబడ్డాడు. ఏది కొనాలో తేలదు. రాజకీయం ఆ దుకాణంలోనే పడుతుంది.

## రాసేటప్పుడు

పాత్ర లోపలి బాధ పేజీలకు పేజీలు వస్తోంది. ఎలా తగ్గించాలి?

బాధ పేరు చెప్పే వాక్యాలన్నీ కొట్టేసి, ఆ చోట పాత్ర చేత ఒక అనవసరమైన పని చేయించండి. మొదట ఇలా ఉందనుకుందాం:

'రాజయ్య గుండె బరువెక్కింది. తాను ఎవరికీ అక్కర్లేనివాణ్ననిపించింది. ఒంటరితనం అతన్ని చుట్టుముట్టింది.'

ఇప్పుడు ఇది చూడండి:

'రాజయ్య కాజీపేటలో దిగాలి. దిగలేదు. వరంగల్ దాటింది, నెక్కొండ దాటింది. టీసీ వచ్చి యాడికి పోతున్నవని అడిగితే డోర్నకల్ అన్నాడు. ఫైన్ కట్టి రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. డోర్నకల్‌లో అతనికి ఎవరూ లేరు.'

రెండోదాంట్లో ఒంటరి అన్న మాట లేదు. ఇంటికి పోవడం కన్నా ఫైన్ కట్టడమే నయమనుకున్నాడని మనకు తెలిసిపోయింది. ఇంట్లో ఏముందన్న ప్రశ్న కూడా పుట్టింది, అది ఇంకో పది పేజీలు చదివిస్తుంది. అన్ని పేరాలూ ఇలా మార్చాలని పట్టుబట్టకండి. అధ్యాయానికొకచోట పాత్రను నేరుగా 'నాకు భయమైతాంది' అననివ్వండి. మిగతాచోట్ల దాచినందువల్ల ఆ ఒక్కమాటకు బరువు వస్తుంది.

తెలంగాణ యాసలో రాయాలా, మామూలు తెలుగులోనా?

సంభాషణ పాత్ర నోటి తెలుగులోనే ఉండాలి, కథనం మీ ఇష్టం. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న చోట, పల్లెటూరి తండ్రి చేత పాఠ్యపుస్తకం మాట్లాడిస్తే చదివేవాళ్ళకు నవ్వొస్తుంది. అయితే యాస అంతటా ఒకటి కాదు. ఒక ఇంట్లో బాపు, ఇంకో ఇంట్లో నాయిన, పట్నం చదువుల ఇంట్లో డాడీ. మీ పాత్రది ఏ ఇల్లో తేల్చుకోండి.

కుదురు లేని పాత్రకు ఇందులో ఒక అవకాశం ఉంది. హైదరాబాద్‌లో పనిచేసే అమ్మాయి ఆఫీసు ఫోనులో 'వస్తున్నానండీ' అంటుంది, ఇంట్లో 'వస్తున్ననే అవ్వా' అంటుంది. ఒకరోజు తల్లితో కూడా 'వస్తున్నానమ్మా' అంది. తల్లి ఏం మాట్లాడకుండా ఫోను పెట్టేసింది. ఇద్దరి మధ్య ఏదో తెగిందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఫ్లాష్‌బ్యాక్ ఎప్పుడు పెట్టాలి?

పాఠకుడు అడిగాక. అడక్కముందే పెడితే దాటేస్తాడు. మొదటి యాభై పేజీల్లో వద్దన్నది నా పట్టుదల, కాదనేవాళ్ళూ మా మధ్యే ఉన్నారు.

కథలో ఆత్మహత్య ఉంది. ఎంతవరకు రాయొచ్చు?

ఎలా జరిగిందన్న వివరం రాయొద్దు. పద్ధతిని వర్ణించడం, అదే పరిష్కారమైనట్టు, త్యాగమైనట్టు చూపించడం చదివేవాళ్ళలో బలహీనంగా ఉన్నవాళ్ళకు హాని చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసేవాళ్ళకు, మీడియాకు చెబుతూ వస్తోంది. కథకు కూడా ఆ వివరంతో పనిలేదు. 1997–98లో వరంగల్ జిల్లాలో పురుగుపట్టి పత్తి పోయి రైతులు చనిపోయినప్పటి నుంచి ఆ చావు మీద చాలామంది రాశారు. ఆ తర్వాతి కథ ఇంకా మిగిలే ఉంది.

ఆ తర్వాత ఏముంటుంది? కాగితాలుంటాయి. రైతు కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 2015లో తెలంగాణ ప్రభుత్వం 194 నంబరు జీవోతో 1.5 లక్షల నుంచి 6 లక్షలకు పెంచింది. అది రావాలంటే త్రిసభ్య కమిటీ వచ్చి, సేద్యం అప్పుల వల్లే చనిపోయాడని తేల్చాలి. భార్య ప్రామిసరీ నోట్లు వెతికి పెట్టాలి, అప్పిచ్చినవాళ్ళను బతిమాలి చెప్పించాలి. కౌలు రైతు అయితే పాసుపుస్తకంలో పేరే ఉండదు. 2018లో వచ్చిన రైతుబీమా 5 లక్షలు ఏ కారణంతో చనిపోయినా వర్తిస్తుంది, కానీ భూమి తన పేరున ఉండాలి, వయసు 18 నుంచి 59 మధ్య ఉండాలి. మొగుడు తనకు చెప్పకుండా ఎక్కడెక్కడ అప్పు చేశాడో భార్యకు ఆ కాగితాలు వెతికేటప్పుడే తెలుస్తుంది. ఏడవడానికి కూడా తీరిక దొరకని ఆ వారాల్లో ఆమె మీద ఒక నవల రాయొచ్చు.

పాత్ర ప్రయత్నించి బతికితే సంవత్సరం చూసుకోండి. పాత ఐపీసీ 309 సెక్షన్ కింద అది నేరం. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం అమల్లోకి వచ్చాక, తీవ్రమైన ఒత్తిడిలో చేసినట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లాంటి సెక్షన్ లేదు, ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి ఆత్మహత్యాయత్నం చేస్తే మాత్రం నేరమే. 2022 కథలో ఎస్సై కేసు పేరుతో భయపెట్టి డబ్బు గుంజితే, అతనికి చట్టం తెలిసే గుంజుతున్నాడన్నమాట.

## తిరగరాసేటప్పుడు

చివరికి పాత్ర బాగుపడాలా?

బాగుపడాలనేం లేదు, ఒక్కచోట వేరేగా నడుచుకుంటే చాలు. పదిసార్లు అబద్ధం చెప్పినవాడు పదకొండోసారి చెప్పకపోవడం, లేదా అదే అబద్ధం ఇంకొకరిని కాపాడటానికి చెప్పడం. ఒక దేవుడి దర్శనంతో, ఒక డాక్టరు ఉపన్యాసంతో, ఒక అమ్మాయి ప్రేమతో అంతా సర్దుకున్నట్టు రాస్తే ముందరి మూడొందల పేజీలూ అబద్ధమవుతాయి. మానేసినవాళ్ళు మళ్ళీ తాగడం మామూలే. ఆ రెండోసారి జారిపడటాన్ని ముగింపు చేయకుండా మధ్యలో పెట్టి చూడండి.

చదివినవాళ్ళు 'మస్తు బరువుంది, చదవలేకపోయిన' అంటున్నారు.

నవ్వు తక్కువైంది. దినాల ఇంట్లో కూడా పేకాట నడుస్తుంది, కూరలో ఉప్పెక్కువైందని ఎవరో అలుగుతారు, చనిపోయినాయన పిసినారితనం మీద జోకులు పడతాయి. కష్టంలో ఉన్న మనిషే ఒక్కోసారి అందరికంటే బాగా నవ్విస్తాడు. నవ్వించినంతసేపు ఎవరూ ఏమైందని అడగరు కదా. ఆ తెలివిని మీ పాత్రకివ్వండి.

ఇంట్లోవాళ్ళు 'ఇది నీ కథేనా' అని అడుగుతున్నారు.

అచ్చయ్యేదాకా ఇంట్లో చదివించకండి.

రాస్తుంటే నాకే నిద్ర పట్టట్లేదు, టెన్షన్‌గా ఉంటోంది.

ఆ అధ్యాయం ఆపి, అదే నవలలో ఇంకో పాత్ర వంటచేసే సీనో, బస్సులో సీటు కోసం పోట్లాడే సీనో రాయండి. రాత్రిపూట ఆ భాగాల జోలికి పోకండి. వారాలు గడిచినా అలాగే ఉంటే నవల సంగతి పక్కనపెట్టి డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఎప్పుడైనా, డబ్బులేం కట్టకుండా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పాత్ర పూర్తిగా తయారైందని ఎలా తెలుస్తుంది?

నవలలో లేనిచోట వదిలిచూడండి. మేము మేడారం పంపుతాం. రెండేళ్ళకోసారి మాఘమాసంలో జాతర, మొక్కుకున్నవాళ్ళు తమ బరువుకు సరిపడా బెల్లం (అక్కడ దాన్నే బంగారం అంటారు) సమ్మక్క సారలమ్మలకు ఇస్తారు. మీ పాత్ర బెల్లం దుకాణం కాంటా దగ్గర నిలబడ్డాడు, వెనక ఇంటిల్లిపాదీ ఉన్నారు. మొక్కు ఎవరిది? డబ్బు ఎవరిస్తున్నారు? ఒంట్లో బాగోలేదని ఎవరికీ చెప్పని మనిషైతే, పోయిన జాతరకు ఇప్పటికి తొమ్మిది కిలోలు తగ్గానన్నది అందరి ముందూ బయటపడుతుంది. ఎక్కుతాడా? రాయి జేబులో వేసుకుని ఎక్కుతాడా? 'ఈసారి చిన్నోని పేరు మీద తూయించుండ్రి' అని పక్కకు తప్పుకుంటాడా? ఆలోచించకుండానే జవాబు తడితే రాతప్రతి మాకు పంపండి. తట్టకపోతే ఇంకో నెల ఆగండి.